ఒకే పవరు, రెండు కళ్ళజోళ్ళు: పలచని అద్దంలో రంగుల అంచులు ఎందుకు కనిపిస్తున్నాయి?

ప్రశ్న – సోడాబుడ్డి

సభ్యులందరికీ నమస్కారం. నాకు రెండు కళ్ళకూ మైనస్ 6 పవరు ఉంది. తొమ్మిదో తరగతిలో సైటు వచ్చినప్పటి నుండి మందపాటి అద్దాలే వాడుతూ వచ్చాను. పైన కనిపించే పేరు బడిలో స్నేహితులు పెట్టినదే. గత నెలలో మొదటిసారిగా 1.67 హై ఇండెక్సు (అంటే వక్రీభవన గుణకం ఎక్కువగా ఉన్న) అద్దాలు చేయించుకున్నాను. పవరు మారలేదు, ఫ్రేము కొలత కూడా దాదాపు పాతదే. అయినా అంచు మందం కంటికి తెలిసేంతగా తగ్గింది, బరువు కూడా తగ్గింది.

దుకాణంలో కారణం అడిగితే, ఇది సాంద్రత ఎక్కువ ఉన్న పదార్థమని, అందుకే పలచగా చేయవచ్చని చెప్పారు. నేను వాణిజ్యశాస్త్రం చదివినవాడిని, భౌతికశాస్త్రం పదో తరగతితోనే ఆగిపోయింది. అయినా సాంద్రత ఎక్కువైతే బరువు పెరగాలి కదా, తగ్గిందేమిటన్న అనుమానం అక్కడే వచ్చింది.

రెండో సంగతి నన్ను ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నది. కొత్త జోడుతో తల తిప్పకుండా కంటి చివరి నుండి ట్యూబులైటును చూస్తే, దాని ఒక అంచున సన్నని నీలం గీత, రెండో అంచున పసుపు, ఎరుపు కలిసిన గీత కనిపిస్తున్నాయి. అద్దం నడిమి భాగం నుండి చూస్తే ఏమీ ఉండదు. పాత అద్దాలలో ఇంత స్పష్టంగా ఎన్నడూ గమనించలేదు. ఇదేమిటని అడిగితే అలవాటైపోతుందన్నారు. అలవాటు అవుతుందేమో గాని, కారణం తెలుసుకోవాలని ఉంది.

మూడోది వింతగా అనిపించింది. జోడును స్టీలు బేసినులోని నీళ్ళలో ముంచి కడుగుతున్నప్పుడు, అద్దం గుండా అడుగున ఉన్న గీతలను చూశాను. గాలిలో ఎంతో చిన్నవిగా కనిపించే గీతలు నీళ్ళలో దాదాపు ఉన్న పరిమాణంలోనే కనిపించాయి. పాత జోడునూ ముంచి చూస్తే అది ఇంకా బలహీనపడినట్టు తోచింది. అద్దం ఆకారం మారలేదు, పదార్థం మారలేదు. మరి పవరు ఎక్కడికి పోయింది?

ఈ మూడింటికీ ఒకే కారణం ఉందా, వేర్వేరు కారణాలా? వీలైతే లెక్కతో సహా చెప్పగలరు.

జవాబు – పాఠాల మాష్టారు

సోడాబుడ్డి గారూ, మీ మూడో ప్రశ్న నుండి మొదలుపెడితే మిగిలిన రెండూ సులభమవుతాయి. అద్దం లోపల కాంతి సరళరేఖలోనే పోతుంది. అది వంగేది ఒక యానకం నుండి మరొక యానకంలోకి అడుగుపెట్టే సరిహద్దు దగ్గర మాత్రమే, ఎంత వంగుతుందన్నది ఆ రెండు యానకాల వక్రీభవన గుణకాలను బట్టి ఉంటుంది. పవరు అద్దానికి సొంత ఆస్తి అని మనం అనుకుంటాం గాని, దానిలో అద్దం చుట్టూ ఉన్న గాలికి కూడా వాటా ఉంది.

వక్రీభవన గుణకం అంటే శూన్యంలో కాంతి వేగాన్ని ఆ యానకంలోని వేగంతో భాగించగా వచ్చే సంఖ్య. శూన్యంలో కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. నీటి గుణకం 1.333 కనుక నీటిలో రెండుంపావు లక్షలు, మామూలు గాజు గుణకం సుమారు 1.5 కనుక గాజులో 2 లక్షలు, మీ కొత్త అద్దం గుణకం 1.67 కనుక దానిలో దాదాపు 1 లక్షా 80 వేలు. గాలికి గుణకం 1.0003 కనుక దానిని 1 అనే తీసుకుందాం.

వేగం తగ్గితే దారి ఎందుకు వంగాలి? ఎడ్లబండి గట్టిరోడ్డు దిగి ఏటి ఇసుకలోకి ఏటవాలుగా పోతున్నదనుకోండి. ముందు దిగిన చక్రం నెమ్మదిస్తుంది, రెండోది ఇంకా రోడ్డు మీద అదే వేగంతో ఉంటుంది కనుక బండి నెమ్మదించిన చక్రం వైపు తిరుగుతుంది. బండి ఇసుకలోకి నేరుగా దిగితే రెండు చక్రాలూ ఒకేసారి నెమ్మదిస్తాయి, దారి మారదు. మీ అద్దం నడుమ నుండి చూసినప్పుడు జరిగేది ఇదే. బండి పోలిక ఇంతవరకే పనికొస్తుంది. కాంతికి చక్రాలు లేవు, తరంగ ముఖాలు ఉన్నాయి. యానకం మారినా కాంతి పౌనఃపున్యం మారదు, తరంగదైర్ఘ్యమే తగ్గుతుంది.

ఈ వంపును కొలిచే నియమాన్ని స్నెల్ పేరుతో చదువుకుంటాం. హాలెండుకు చెందిన స్నెల్ దీనిని 1621లో కనుగొన్నాడు గాని బ్రతికి ఉండగా ప్రచురించలేదు, 1637లో దెకార్త్ అచ్చు వేశాడు. వీరిద్దరికీ ఆరువందల ఏళ్ళకు పైగా ముందే, 984 ప్రాంతంలో బాగ్దాదులో ఇబ్న్ సహ్ల్ ఇదే సంబంధాన్ని కటకాల ఆకారం నిర్ణయించడానికి వాడాడు. నియమం చిన్నదే: మొదటి యానకం గుణకాన్ని పతన కోణం సైనుతో హెచ్చించినా, రెండో యానకం గుణకాన్ని వక్రీభవన కోణం సైనుతో హెచ్చించినా ఒకే విలువ రావాలి.

గాలి నుండి 45 డిగ్రీల కోణంతో 1.5 అద్దం మీద పడిన కిరణం లోపల సుమారు 28 డిగ్రీలకు వంగుతుంది, అంటే 17 డిగ్రీల మలుపు. అదే కిరణం అదే 45 డిగ్రీలతో నీటి నుండి అదే అద్దంలోకి వస్తే లోపలి కోణం సుమారు 39 డిగ్రీలు, మలుపు 6 డిగ్రీలే. గాలితో అద్దానికి ఉన్న తేడా నీటితో లేదు కనుక మలుపూ తగ్గింది. బేసినులో మీ పవరు పోయినదంతా ఈ సరిహద్దులోనే.

కటక తయారీ సూత్రంలోనూ ఇదే కనిపిస్తుంది. గాలిలో కటకం పవరు గుణకంలోంచి 1 తీసివేసిన విలువకు, ఉపరితలాల వంపుకు అనులోమంగా ఉంటుంది. 1.5 గాజు కటకాన్ని నీటిలో ముంచితే నాభ్యంతరం, అంటే కటకం నుండి నాభికి ఉన్న దూరం, 4 రెట్లు అవుతుందని పదో తరగతి పిల్లలు కూడా లెక్క చేస్తారు.

ఇక సాంద్రత మాట. దుకాణదారుడిని తప్పుపట్టడానికి లేదు, ఈ పొరపాటు మన తరగతి గదులలోనే పుడుతుంది. సాంద్రతర యానకం, విరళ యానకం అని చెప్పేటప్పుడు అది కాంతి పరమైన సాంద్రత అని, బరువుతో కొలిచేది కాదని రెండోసారి చెప్పేంత ఓపిక చాలామందికి ఉండదు. నాకూ కొన్నేళ్ళు లేదు. పొద్దుతిరుగుడు నూనె నీటి మీద తేలుతుంది, అయినా దాని గుణకం సుమారు 1.47, అంటే నీటి కంటే ఎక్కువ. కళ్ళజోళ్ళలోనే ఉదాహరణ కావాలంటే, మామూలు ప్లాస్టిక్ అద్దం సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.32 గ్రాములు, గుణకం 1.5, పాలీకార్బొనేట్ సాంద్రత 1.20 గ్రాములే, గుణకం మాత్రం 1.586. కాంతిని నెమ్మదింపజేసేది బరువు కాదు, ఆ పదార్థంలోని ఎలక్ట్రాన్లు కాంతి తరంగానికి ఎంత సులభంగా ఊగుతాయన్నదే. ఊగిన ఎలక్ట్రాన్లు తామూ అదే పౌనఃపున్యంతో తరంగాలను వెలువరిస్తాయి. అసలు తరంగమూ ఇవీ కలిసిన ఫలితం వెనుకబడి సాగుతుంది.

జవాబు – అద్దాల పరీక్షకురాలు

నేను ఆప్టోమెట్రిస్టును. మాష్టారు గారు చెప్పిన చివరి వాక్యానికి మా పనిలో వాసనతో కూడిన రుజువు ఉంది. 1.67 అద్దాన్ని ఫ్రేముకు తగినట్టు అంచు చెక్కేటప్పుడు గది అంతా గంధకం వాసన కొడుతుంది. ఈ ప్లాస్టిక్కులలో గుణకం పెంచడానికి గంధకం కలిసిన అణువులను వాడతారు. గంధకంలోని ఎలక్ట్రాన్లు తేలికగా ఊగుతాయి. మామూలు అద్దాన్ని చెక్కేటప్పుడు ఆ వాసన రాదు.

మందం లెక్క చెబుతాను. మైనస్ అద్దం నడుమ పలచగా, అంచున మందంగా ఉంటుంది. అంచు నడుమ కంటే ఎంత ఎక్కువ మందమన్నది సుమారుగా ఇలా వస్తుంది: అద్దం సగం వెడల్పును వర్గం చేసి, పవరుతో హెచ్చించి, గుణకంలోంచి 1 తీసివేసిన విలువకు రెండింతలతో భాగించాలి. మైనస్ 6 పవరుకు, 60 మిల్లీమీటర్ల వెడల్పు గుండ్రని అద్దానికి ఈ తేడా 1.5 గుణకంలో 5.4 మిల్లీమీటర్లు, 1.6లో 4.5, 1.67లో 4.0, 1.74లో 3.65. దీనికి నడిమి మందం కలుపుకోవాలి.

ఈ అంకెలలో నేను దుకాణానికి వచ్చే ప్రతివారికీ చెప్పాలనుకునే విషయం ఒకటి ఉంది. 1.74 తీసుకుని ఎక్కువ డబ్బు చెల్లించేముందు వెడల్పును చూడండి. మందం వెడల్పు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక, అద్దాన్ని 60 నుండి 50 మిల్లీమీటర్లకు తగ్గిస్తే మామూలు 1.5 అద్దంలోనే ఆ తేడా 3.75 మిల్లీమీటర్లకు దిగుతుంది. పెద్ద ఫ్రేములో 1.74 అద్దం ఇచ్చే లాభానికి ఇది ఇంచుమించు సమానం. ఇప్పుడు పెద్ద ఫ్రేముల కాలం నడుస్తున్నది, చిన్నది చూపిస్తే ముఖం చిట్లిస్తారు. నేనేమీ అనలేను గాని లెక్క మాత్రం మారదు.

మీ రంగుల అంచుల సంగతికి వస్తాను. ఏ పదార్థమైనా అన్ని రంగులనూ ఒకే గుణకంతో వంచదు. ప్రయోగశాలల్లో వాడే మంచి క్రౌన్ గాజులో కూడా ఎరుపు కాంతికి గుణకం 1.514, నీలానికి 1.522. ఆ చిన్న తేడా వల్లనే పట్టకం తెల్లని కాంతిని ఇంద్రధనుస్సుగా విడదీస్తుంది. మైనస్ అద్దం నడుమ ఉపరితలాలు దాదాపు సమాంతరంగా ఉంటాయి, అంచుకు పోయేకొద్దీ అవి ఒకదానితో ఒకటి కోణం చేస్తూ అద్దం ఒక పట్టకమే అయిపోతుంది. కేంద్రం నుండి ఎన్ని సెంటీమీటర్ల దూరంలో చూస్తున్నారో ఆ దూరాన్ని పవరుతో హెచ్చిస్తే పట్టక బలం వస్తుంది. మైనస్ 6 అద్దంలో ఒకటిన్నర సెంటీమీటరు పక్కనుండి చూస్తే 9 ప్రిజం డయాప్టర్లు (పట్టక బలానికి ప్రమాణం). ఇది పాత జోడులోనూ 9, కొత్త జోడులోనూ 9.

తేడా ఆ 9లో ఎంత భాగం రంగులుగా విడిపోతుందన్న దానిలో ఉంది. పదార్థం రంగులను విడదీసే గుణాన్ని అబ్బే సంఖ్యతో కొలుస్తారు. సంఖ్య ఎంత ఎక్కువైతే అంత తక్కువ విడదీస్తుంది. మీ పాత ప్లాస్టిక్ అద్దానికి అది సుమారు 58, కొత్త 1.67కు సుమారు 32, పాలీకార్బొనేటుకు 30. 9ని 58తో భాగిస్తే 0.16 వచ్చేచోట 32తో భాగిస్తే 0.28 వస్తుంది, అంటే రంగుల చీలిక దాదాపు రెట్టింపు అయింది. మీకు తోచింది ఊహ కాదు.

ఇంకొకటి పరీక్షించి చూడండి. మీరు అద్దంలో కుడి పక్కనుండి చూసినా ఎడమ పక్కనుండి చూసినా, నీలం గీత ఎప్పుడూ అద్దం కేంద్రం వైపు ఉన్న అంచునే ఉంటుంది. మైనస్ అద్దం దృశ్యాన్ని కేంద్రం వైపు కుదిస్తుంది. నీలానికి గుణకం ఎక్కువ కనుక నీలం బొమ్మ మరికాస్త ఎక్కువ కుంచించుకుపోతుంది.

మామూలుగా కనిపించే ఉపాయాలు రెండే: కంటిపాప ఎదుటనే అద్దం కేంద్రం వచ్చేలా కొలత సరిగా తీయించుకోవడం, పక్క వస్తువును చూడాలంటే కళ్ళకు బదులు తల తిప్పడం. కొలత తప్పి కేంద్రం మూడు నాలుగు మిల్లీమీటర్లు జరిగితే, ఎదురుగా చూసినా అంచుల్లో రంగులు రావచ్చు. మీకు నడుమ రంగులు లేవంటున్నారు కనుక కొలత సరిగానే ఉందనుకుంటున్నాను.

గుణకం పెరిగితే అద్దం మీద ప్రతిబింబమూ పెరుగుతుంది. 1.5 అద్దం ఒక్కో ఉపరితలం మీద పడిన కాంతిలో 4 శాతం వెనక్కి తిప్పితే 1.67 అద్దం 6.3 శాతం తిప్పుతుంది. కనుక ఈ రకం అద్దాలకు పరావర్తనాన్ని తగ్గించే పూత తప్పనిసరి అంటాను.

సోడాబుడ్డి

ఇద్దరికీ కృతజ్ఞతలు. నీలం గీతను ఈ ఉదయమే పరీక్షించాను. మీరు చెప్పినట్టే, కుడివైపు నుండి చూస్తే ట్యూబులైటు ఎడమ అంచున, ఎడమవైపు నుండి చూస్తే కుడి అంచున ఉంది.

ఇప్పుడు రెండు కొత్త సందేహాలు. మాష్టారు గారు నీటిలో నాభ్యంతరం 4 రెట్లు అవుతుందన్నారు, అంటే పవరు నాలుగో వంతు మిగలాలి. కాని గుణకాల తేడాను నేనే వేసి చూస్తే గాలితో 0.5, నీటితో 0.167, అంటే మూడో వంతు మిగలాలి. ఎక్కడ పొరబడ్డాను? రెండోది, కెమెరా కటకాలలో రెండు రకాల గాజులు అతికించి రంగుల దోషాన్ని పోగొడతారని చదివాను. కళ్ళజోడుకు ఆ పని ఎందుకు చేయరు?

జవాబు – చక్కెర మిల్లు కెమిస్టు

లెక్క సంగతి మాష్టారు గారికి వదిలి, సరిహద్దులో తేడా లేకపోతే ఏమవుతుందో ఇంట్లోనే చూడగల ఒక ప్రయోగం చెబుతాను. ప్రయోగశాలల్లో వాడే బోరోసిలికేట్ గాజు కడ్డీని గ్లిజరినులో నిలబెట్టండి. ఆ గాజు గుణకం 1.474, గ్లిజరిను గుణకం 1.473. ముంచినంత మేర కడ్డీ మాయమైనట్టు ఉంటుంది. వంచడానికి గాని, ప్రతిబింబించడానికి గాని సరిహద్దు లేకపోతే కంటికి ఆ వస్తువు ఉన్నట్టే తెలియదు. పొద్దుతిరుగుడు నూనెలో కూడా దాదాపు అలాగే కనిపిస్తుంది. మామూలు గాజు గ్లాసు అంత బాగా మాయం కాదు, దాని గుణకం 1.52 ప్రాంతంలో ఉంటుంది.

మా పని అంతా ఈ గుణకం మీదనే నడుస్తుంది. చెరకు రసంలో కరిగిన ఘనపదార్థం ఎంత ఉందో తెలుసుకోవడానికి రెండు చుక్కలు రిఫ్రాక్టోమీటరు పట్టకం మీద వేసి బ్రిక్సు చూస్తాం. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద శుద్ధ నీటి గుణకం 1.333, నూటికి 20 పాళ్ళు చక్కెర ఉన్న ద్రావణానికి 1.364. తేడా రెండో దశాంశ స్థానంలో ఉన్నా పరికరానికి తేలికగా దొరుకుతుంది. అది కొలిచేది సందిగ్ధ కోణాన్ని: పట్టకానికీ ద్రవానికీ మధ్య ఏ కోణం దాటితే కాంతి బయటికి పోకుండా పూర్తిగా వెనక్కి తిరుగుతుందో, ఆ చోట కంటిగొట్టంలో వెలుగుకూ చీకటికీ మధ్య గీత ఏర్పడుతుంది. గీత ఏ అంకె మీద పడితే అది బ్రిక్సు.

ఈ పరికరాన్ని రూపొందించినవాడు 19వ శతాబ్దంలో జర్మనీలోని జెనా నగరంలో కార్ల్ జైస్‌తో కలిసి పనిచేసిన ఎర్నెస్ట్ అబ్బే. పైన పరీక్షకురాలు గారు చెప్పిన అబ్బే సంఖ్య కూడా ఆయన పేరుదే. తెల్లని వెలుతురులో చూస్తే ఆ గీతకూ సోడాబుడ్డి గారి ట్యూబులైటులాగే రంగుల అంచు వస్తుంది. దానిని పోగొట్టడానికి అబ్బే పరికరంలో తిప్పుకునే పట్టకాలు వేరుగా ఉంటాయి. కొత్తగా చేరినవాళ్ళు వాటిని సర్దకుండానే అంకె రాసేస్తుంటారు.

ఉష్ణోగ్రత రాయని గుణకాన్ని మేము నమ్మం. నూనెల గుణకం ఒక్కో డిగ్రీ వేడికి సుమారు 0.0004 చొప్పున తగ్గుతుంది. నెయ్యి, నూనెల పరీక్షలో 40 డిగ్రీల వద్ద కొలవాలన్న నిబంధన అందుకే వచ్చింది.

జవాబు – పాఠాల మాష్టారు

సోడాబుడ్డి గారూ, మీరు పొరబడలేదు, నేను చెప్పిందీ తప్పు కాదు. గాలిలో ఉన్నప్పుడు పవరు అంటే మీటర్లలో నాభ్యంతరానికి విలోమం. నీటిలో ఉన్నప్పుడు ఆ విలోమాన్ని నీటి గుణకంతో హెచ్చించాలి, పాఠ్యపుస్తకం ఈ మాట చెప్పకుండా దాటిపోతుంది. మైనస్ 6 అద్దం నాభ్యంతరం గాలిలో 16.7 సెంటీమీటర్లు. నీటిలో అది 4 రెట్లై దాదాపు 67 సెంటీమీటర్లు అవుతుంది, దాని విలోమం ఒకటిన్నర. దానిని 1.333తో హెచ్చిస్తే 2 డయాప్టర్లు (పవరుకు ప్రమాణం డయాప్టరు, మీ మైనస్ 6 కూడా అందులోనే), అంటే సరిగ్గా మీ మూడో వంతు. నీళ్ళలోని అద్దాన్ని మీరు బయట గాలిలో ఉండి, చదునైన నీటి ఉపరితలం గుండా చూస్తున్నారు కనుక మీ ప్రయోగానికి తగినది ఈ 2 డయాప్టర్లే.

ఇప్పుడు మీ కొత్త అద్దానికి అదే లెక్క వేయండి. గాలితో తేడా 0.67, నీటితో 0.337, అంటే సగం పవరు, 3 డయాప్టర్లు మిగులుతాయి. పాతది నీటిలో ఇంకా బలహీనపడినట్టు తోచిందని మొదటి ప్రశ్నలోనే రాశారు. నేను దానిని చదివి కూడా పట్టించుకోకుండా పోయాను.

జవాబు – అద్దాల పరీక్షకురాలు

రెండు గాజుల ప్రశ్నకు నేను చెబుతాను. అలాంటి జంట కటకానికి 1758లో లండనులో జాన్ డాలండ్ హక్కుపత్రం పొందాడు, చెస్టర్ మూర్ హాల్ అంతకు ముందే 1730లలో చేయించాడు. వంచే గుణమూ రంగులను విడదీసే గుణమూ విడదీయరానివని న్యూటన్ తీర్మానించి, దర్పణంతో పనిచేసే దూరదర్శినికి మళ్ళాడు. ఈ విషయంలో ఆయన అంచనా నిలవలేదు. క్రౌన్ గాజు, ఫ్లింట్ గాజు ఒకే నిష్పత్తిలో రంగులను విడదీయవు కనుక ఒకదాని చీలికను రెండోదానితో కొట్టివేయవచ్చు.

కాని దానికి మూల్యం ఉంది. అబ్బే సంఖ్య 59 ఉన్న క్రౌన్, 36 ఉన్న ఫ్లింట్ కలిపి మీ మైనస్ 6 చేయాలంటే, క్రౌన్ భాగానికి మైనస్ 15.4, ఫ్లింట్ భాగానికి ప్లస్ 9.4 పవరు ఉండాలి. అంచు మందమైన మైనస్ 15 అద్దం, నడుమ ఉబ్బిన ప్లస్ 9 అద్దం, రెండూ గాజువి, ఒకదానికొకటి అతికి మీ ముక్కు మీద కూర్చోవాలి. కెమెరా గొట్టంలో ఆ బరువుకు చోటుంది, ఎవరి ముక్కూ దానిని మోయనక్కరలేదు. పైగా కన్ను అన్ని వైపులకూ తిరుగుతుంది, కెమెరా కటకానికి మాత్రం వెలుతురు ఒకే అక్షం చుట్టూ వస్తుంది.

మన కంటికే రంగుల దోషం ఉంది. ఎరుపు నుండి ఊదా వరకు లెక్కిస్తే కంటి పవరులో సుమారు 2 డయాప్టర్ల తేడా ఉంటుంది. పరీక్ష గదిలో ఎరుపు, ఆకుపచ్చ పలకల మీద అక్షరాలు చూపించి ఏవి స్పష్టంగా ఉన్నాయని మేము అడిగేది దీనిని ఆధారం చేసుకునే. సైటు ఉన్నవారికి ఎరుపు మీది అక్షరాలే బాగున్నాయంటే మైనస్ ఇంకా కొంచెం తక్కువైందని అర్థం.

జవాబు – పులస

నీళ్ళలో కటకం పవరు తగ్గుతుందన్నారు కనుక అడుగుతున్నాను, సొంతంగా కొంత జవాబూ చెబుతాను. చేపల పులుసు తినేవారందరికీ తెలిసినదే, ఉడికిన చేప కంటిలో తెల్లగా గట్టిగా ఒక గోళీ దొరుకుతుంది. అదే దాని కటకం. మన కంటి కటకం చపటాగా ఉంటే, చేపది అచ్చమైన గోళం. కారణం ఇదేనని అనుకుంటున్నాను: మన కంటికి పవరులో ఎక్కువ భాగం కార్నియా (కంటి ముందున్న పారదర్శకమైన పొర) ముందు భాగం గాలిని తాకే చోట వస్తుంది, చేపకు ఆ చోట నీరే ఉంది కనుక భారమంతా కటకం మీద పడింది. నా ఊహ సరైనదేనా?

జవాబు – పాఠాల మాష్టారు

సరైనదే, పులస గారూ. కార్నియా గుణకం 1.376, ముందు భాగం వంపు వ్యాసార్థం సుమారు 7.8 మిల్లీమీటర్లు. గాలిలో ఆ ఒక్క ఉపరితలం 48 డయాప్టర్లు ఇస్తుంది, నీటిలో తేడా 0.043 మాత్రమే కనుక అయిదున్నర. నీటిలో కళ్ళు తెరిచినవాడు ఒక్కసారిగా 40 డయాప్టర్లకు పైగా పోగొట్టుకుంటాడు, అందుకే అంతా మసకగా ఉంటుంది. ఈత కళ్ళద్దాలు చేసే పని కార్నియా ముందు పలచని గాలిపొరను నిలపడమే. అవి పెట్టుకున్నప్పుడు వస్తువులు ఉన్న దూరంలో నాలుగింట మూడు వంతుల దగ్గరగా కనిపిస్తాయి, బావి అడుగు పైకి తేలినట్టు కనిపించేదీ ఆ లెక్కతోనే.

చేప కటకంలో ఇంకొక నేర్పు ఉంది. అన్ని చోట్లా ఒకే గుణకం ఉన్న గాజు గోళం అంచు కిరణాలను, నడిమి కిరణాలను ఒకచోట చేర్చలేదు, బొమ్మ చెదురుతుంది. చేప గోళీలో గుణకం నడుమ ఎక్కువగా, పైపొరల వైపు క్రమంగా తక్కువగా ఉంటుంది. కనుక నా మొదటి జవాబులోని ఒక వాక్యాన్ని సవరించుకోవాలి: గుణకం ఒకే విధంగా ఉన్న పదార్థంలోనే కాంతి సరళరేఖలో పోతుంది. గుణకం పొరపొరకూ మారే చేప కంటిలోనూ, ఎండాకాలం వేడెక్కిన తారురోడ్డు మీది గాలిలోనూ అది వంపు తిరుగుతూ పోతుంది.

సోడాబుడ్డి

మాష్టారు గారి లెక్కను నిన్న రాత్రి పరీక్షించాను. బేసిను అడుగున ప్లాస్టిక్ సంచిలో పెట్టిన గ్రాఫు కాగితం ఉంచి, రెండు జోళ్ళనూ ఒకే ఎత్తులో పూర్తిగా మునిగేలా పట్టుకుని పక్కపక్కన చూశాను. మొదట అద్దాల కింద బుడగలు చేరి గళ్ళను చెదరగొట్టాయి, అద్దాలను ఏటవాలుగా దించితే పోయాయి. పాత జోడు గుండా గళ్ళు కొంచెం చిన్నవిగా, కొత్త జోడు గుండా ఇంకొంచెం చిన్నవిగా కనిపించాయి. గాలిలో రెండూ సమానంగానే కుదించాయి.

చిన్న ఫ్రేము కోసం ఆదివారం దుకాణానికి వెళ్తున్నాను. అబ్బే సంఖ్య 58 ఉన్న మామూలు అద్దాన్నే 50 మిల్లీమీటర్లలో అడుగుతాను.